పెద్దత్తయ్య కలిపిన బియ్యం

పోయిన నెల ఒక పొద్దున, నేను బాపట్లలో మా అమ్మ దగ్గర ఉండగా, తెనాలి నుంచి పెద్దమామయ్య ఫోన్ చేశారు. ఆయన మామూలుగా ఫోన్ చెయ్యరు. చేసినా నాలుగుసార్లు హలో అని, వినపడుతోందా అని అడిగి, మనం వినపడుతోందని చెప్పేలోగా పెట్టేస్తారు. ఆ రోజు హలో కూడా అనలేదు.

"అమ్మాయ్, మీ అత్తయ్య బియ్యం కడిగి నానబెట్టి కుర్చీలో కూర్చుంది. మళ్ళీ లేవలా. డాక్టరు వచ్చి చూసి వెళ్ళాడు," అన్నారు. వెంటనే, "ఈ నానిన బియ్యం ఏం చెయ్యమంటావు?" అని అడిగారు.

ఏడుపు రావలసిన చోట నాకు జవాబు వచ్చింది. పారబొయ్యకండి మామయ్యా, నేను వచ్చేస్తున్నాను అన్నాను. ఫోన్ పెట్టేశాక గానీ తట్టలేదు, ఆవిడ పోయిందన్న మాట ఇద్దరం అనలేదని. రైలెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక ఏడ్చాను. ఎదురుగా కూర్చున్న ఒకావిడ ఏంటమ్మా అని అడిగితే మా పెద్దత్తయ్య పోయిందండి అని చెప్పి, ఎందుకో తెలియదు, బియ్యం నానబెట్టి పోయిందండి అని కూడా చెప్పాను. ఆవిడ నా వైపు కొంచెం అనుమానంగానే చూసింది.

పెద్దత్తయ్య అంటే మా మామగారి అన్నగారి భార్య. మా సొంత అత్తగారు నా పెళ్ళికి ముందే పోయారు. నాకు అత్తగారి కొరత లేకుండా చూసే బాధ్యతను పెద్దత్తయ్య ఎవరూ అడక్కుండానే నెత్తిన వేసుకుంది. తెనాలిలో ఒకే ప్రహరీ లోపల రెండు వాటాల్లో ఉండేవాళ్ళం. మధ్యలో గోడ ఉండేది కానీ, ఆవిడ గొంతుకి ఆ గోడ ఒక లెక్కలోది కాదు.

నేను ఇంటికి చేరేసరికి అందరూ వచ్చేశారు. నోట్లో బియ్యం పొయ్యాల్సిన వేళకి ఎవరో దుకాణం నుంచి పొట్లంలో బియ్యం తెచ్చారు. పెద్దమామయ్య ఆ పొట్లం విప్పి చూసి పక్కన పెట్టేశారు. లోపలికి వెళ్ళి ఆవిడ నానబెట్టిన గిన్నెలోంచి గుప్పెడు బియ్యం తీసి, నీళ్ళు వార్చి తెచ్చారు. నానిన బియ్యం పొయ్యకూడదని ఒక పెద్దావిడ అడ్డం వచ్చింది. "ఇవి తను కలిపినవి. ఆ దుకాణం బియ్యం పోస్తే ఊసేస్తుంది," అన్నారాయన. పెద్దావిడ పక్కకి తప్పుకుంది.

తను కలిపినవి అంటే ఏంటో చెప్పాలి. నెలలో మొదటి ఆదివారం మా ఇంట్లో బియ్యం కలిపే రోజు. పెద్దత్తయ్య వరండా తుడిచి, ఉతికిన పాత దుప్పటి పరిచేది. దాని చుట్టూ మూడు సంచులు. ఒక దానిలో తెనాలి మిల్లులో కొన్న పాత సన్నబియ్యం, ఏడాది దాటినవి. ఇంకో దానిలో భట్టిప్రోలు దగ్గర వాళ్ళ పుట్టింటి చేలో పండి, రేపల్లెలో ఉన్న కూతురి చేతుల మీదుగా వచ్చే కొత్త బియ్యం. చిన్న సంచిలో కాసిని లావు బియ్యం. పాతవి పొడిపొడిగా ఉడుకుతాయి, బాగా ఒదుగుతాయి, కానీ రుచి ఉండదు. కొత్తవి తియ్యగా ఉంటాయి, కానీ మనం అటు తిరిగి ఇటు తిరిగేలోగా ముద్దయి కూర్చుంటాయి. రెంటినీ సరిగ్గా కలిపితేనే రోజూ తినే అన్నం. లావు బియ్యం ఎందుకని అడిగితే ఒకసారి చద్దన్నం బాగుంటదని చెప్పింది. మరోసారి అడిగితే ఊరికే, అలవాటు అంది.

కొలత ఒక ఇత్తడి సోల. దానికి ఒక పక్క సొట్ట. ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పకపోతే కుదరదు. నేను బడిలో లెక్కల టీచర్ని. నిష్పత్తులు చెప్పి జీతం తీసుకునేదాన్ని. సొట్టపోయిన సోలతో కొలుస్తుంటే నాకు ఒళ్ళు మండేది. ఆ సొట్ట వల్ల ఎంత తగ్గుతోందో ఒకసారి నీళ్ళు పోసి కొలిచి చెప్పాను కూడా. "మనం వండేది నీళ్ళు కాదుగా," అని ఆవిడ సోల లాక్కుంది.

పాతవి ఎన్ని, కొత్తవి ఎన్ని అని అడిగితే ఒక్కనాడూ చెప్పలేదు. బస్తా బస్తాకీ మారుద్దే అనేది. నేను వినలేదు. పక్కన పుస్తకం పెట్టుకుని కూర్చుని ఆవిడ ఎన్ని సోలలు పోస్తోందో రాసుకునేదాన్ని. మొదటి నెల మూడుకి ఒకటి. తర్వాతి నెల అయిదుకి రెండు. వానాకాలంలో ఒకసారి పాతవి తప్ప ఏమీ పొయ్యలేదు. పద్నాలుగేళ్ళపాటు రాశాను. ఏ సూత్రానికీ లొంగని లెక్కల పుస్తకం ఈ ప్రపంచంలో ఒక్కటే ఉంది, అది నా దగ్గరే ఉంది.

ఎంత పొయ్యాలో ఆవిడకి మాత్రం ముందే తెలుసా అంటే, తెలియదు. రెండు వేర్వేరు పాళ్ళలో కలిపి, రెండు చిన్న గిన్నెల్లో పిడికెడు పిడికెడు వండేది. పది గంటలకి పెద్దమామయ్య చేతులు కడుక్కుని వచ్చి పీట మీద కూర్చునేవారు. ఆవిడ రెండు గిన్నెలూ ఆయన ముందు పెట్టేది. ఆయన కూరా నారా లేకుండా దీంట్లో ఒక ముద్ద, దాంట్లో ఒక ముద్ద తిని, కాసేపు కళ్ళు మూసుకుని, "ఇది," అని ఒక గిన్నె చూపించేవారు. "నేనూ అదే అనుకున్నా," అనేది ఆవిడ. ఆ పాళ్ళ ప్రకారం నెలకి సరిపడా కలిపేసేది. వాళ్ళ పెళ్ళయిన దగ్గర్నుంచీ ఒక్కసారి కూడా ఇద్దరికీ మాట తేడా రాలేదట. అంత నాలుక ఉన్న మనిషి ఈ చుట్టుపక్కల లేడని ఆవిడకి మహా గర్వం. మిగతా విషయాల్లో ఆయన్ని పిసరంత కూడా ఖాతరు చేసేది కాదు.

మాది బాపట్ల. ఊళ్ళన్నీ తినే బీపీటీ బియ్యం పేరులో ఉన్నది మా ఊరే. పుట్టింట్లో మేము ఒకటే రకం వండుకుంటాం. పెళ్ళయిన కొత్తలో ఆ గొప్ప ఇక్కడ చూపించబోయాను. మా ఊళ్ళో పుట్టిన బియ్యం అత్తయ్యా, వాటిలో ఇంకేం కలపక్కర్లేదు అన్నాను. ఆవిడ చేటతో బియ్యం చెరుగుతూ తల కూడా ఎత్తలేదు.

"పుట్టటం ఎక్కడైతే ఏంటే, కాపురం ఇక్కడగా. నువ్వూ అక్కడే పుట్టావు. మాలో కలవలా?"

నిజం చెప్పాలంటే అప్పటికి నేనింకా కలవలేదు. కలవడానికి ఒక అవమానం కావలసి వచ్చింది.

రేపల్లె వదినకి, అంటే ఆవిడ కూతురికి, ఒంట్లో బాగోలేదని ఆవిడ నెల రోజులు అక్కడ ఉండిపోయింది. ఆ నెల బియ్యం పని నా మీద పడింది. పుస్తకం చూసి, మూడుకి ఒకటి చొప్పున, సొట్ట లేని గ్లాసుతో, వెంట్రుకవాసి తేడా లేకుండా కొలిచి డబ్బాలో పోశాను. పోశాను, అంతే. కలపలేదు. కొలత సరిగ్గా ఉంటే కలిసినట్టేనని నా బుర్రకి అనిపించింది. డబ్బాలో కింద కొత్తవి, పైన పాతవి పొరలుగా కూర్చున్నాయి. ఇరవై రోజులు అన్నం బిరుసుగా వచ్చింది. సరే పాతబియ్యం కదా అని రోజూ కొంచెం కొంచెం ఎసరు పెంచుకుంటూ పోయాను. ఒకనాడు అడుగునున్న కొత్త బియ్యం మొదలైంది. ఎసరు మాత్రం పెంచినంతా అలాగే ఉంది. సరిగ్గా ఆ రోజే మా అమ్మా నాన్నా బాపట్ల నుంచి భోజనానికి వచ్చారు. విస్తరిలో గరిటెతో వెయ్యబోతే అన్నం గరిటెని వదల్లేదు. మా నాన్న కొంచెం కలుపుకుని, మా ఆయన వైపు జాలిగా చూసి, ఏం బాబూ, ఒంట్లో బాగుండటం లేదా అని అడిగారు. పథ్యం వండాననుకున్నారు పాపం.

పెద్దత్తయ్య తిరిగొచ్చి సంగతంతా విని, డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు నుంచి గుప్పెడు తీసి చూసింది.

"కలిపావా, పోశావా?" అంది.

ఆ మాట ఇక మా ఇంట్లో స్థిరపడిపోయింది. పిల్లలిద్దరూ కొట్టుకుంటే నేను వాళ్ళని చెరో మూలా కూర్చోబెట్టి సమస్య తీరిందనుకునేదాన్ని. కలిపావా, పోశావా అని గోడ అవతలి నుంచి వినపడేది. బడిలో నేను కొత్త టీచరుతో ముభావంగా ఉంటున్నానని చెప్పినా అదే ప్రశ్న. ఒక్కోసారి కోపం వచ్చేది. ప్రతిదానికీ బియ్యమేనా అత్తయ్యా అంటే, నాకు వచ్చింది అదేగా అనేది.

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక మెతుకు పట్టుకుని చూస్తే చాలని ఊరందరూ అంటారు. ఆవిడ ఒప్పుకునేది కాదు. "కలిపిన బియ్యానికి రెండు మెతుకులు చూడాలే. కొత్తది తొందరపడి ముందే ఉడికిపోద్ది. దాన్ని నమ్మి దించేశావో, పాతది పలుకే." పొయ్యి దగ్గర నిలబడి రెండు మెతుకులు తీసి, రెండు వేళ్ళ మధ్య ఒకదాని తర్వాత ఒకటి నొక్కి చూసేది. ఒకసారి ప్రహరీ గోడకి సున్నం వేయించే విషయంలో మా ఆయనకీ పెద్దమామయ్యకీ మాట పట్టింపు వచ్చింది. తప్పంతా మామయ్యదేనని నేను వెళ్ళి ఆవిడతో చెప్పాను. ఎన్ని మెతుకులు చూశావు అని అడిగింది. మా ఆయన్ని ఒక్కడినే చూశాను మరి. ఆ మాట పైకి చెప్పకుండా వచ్చేశాను.

పెళ్ళి భోజనాల్లో ఆవిడ పక్కన కూర్చోవడం ఒక శిక్ష. అన్నం వడ్డించగానే రెండు మెతుకులు తీసి నొక్కేది. తెనాలిలో ఒక పెళ్ళిలో వంటాయన్ని పిలిపించమని పట్టుబట్టింది. ఏ పదార్థం తగ్గిందో అని ఆయన చెమటలు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. కొత్తవి ఎన్ని కలిపావు నాయనా అని అడిగింది. మేం కలపలేదండి, దుకాణంవాళ్ళే కలిపేసినట్టున్నారండి అన్నాడు ఆయన బిక్కమొహం వేసి. ఆ నిజాయితీ ఆవిడకి నచ్చింది.

"నా పెద్దకర్మకి నువ్వే వండాలి. బియ్యం మాత్రం మా ఇంట్లో కలిపిస్తారు. ఇదుగో, ఈ అమ్మాయి కలుపుద్ది. ఆ రోజు అన్నం ముద్దయిందో, ఫొటోలోంచి లేచొస్తాను."

అంత మాట ఎందుకండి పెద్దమ్మగారూ అని ఆయన చెవులు మూసుకున్నాడు. విస్తళ్ళ ముందు కూర్చున్నవాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా వైపు చూపించిన ఆ వేలిని నేను అప్పుడు పట్టించుకోలేదు.

ఆవిడ పోయిన పదో రోజు ఆ వంటాయనే వచ్చాడు. మర్నాడు రెండు వందల మందికి భోజనాలు. ఆయన సరుకుల జాబితా తీసి, మొదటి వరస ఖాళీగా వదిలేసి చూపించాడు. బియ్యం మీరే కలిపిస్తారని పెద్దమ్మగారు అప్పుడే చెప్పేశారండి, తేడా వస్తే మాత్రం నన్ననకండి అన్నాడు. ఆ పొద్దునే రేపల్లె వదిన కొత్త బియ్యం బస్తా ఆటోలో వేసుకుని వచ్చింది. పాతవి మిల్లు నుంచి వచ్చాయి. వరండాలో రెండు రకాల బస్తాలూ పక్కపక్కనే నిలబడ్డాయి.

మీ అమ్మ కదా, నువ్వే కలుపు వదినా అన్నాను. వదిన బస్తా మీద చెయ్యి వేసి నిలబడింది. "నాకు నేర్పలేదుగా. నేర్చుకోమంటే కుక్కరుంది కదమ్మా అనేదాన్ని. నీకు నేర్పింది," అంది. అందులో కొంచెం నొప్పి ఉంది. నాకూ నేర్పలేదని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుందంతేనని చెప్పాలనిపించింది. 

లోపలికి వెళ్ళి నా పుస్తకం తీశాను. పద్నాలుగేళ్ళ లెక్కలు. ఈ బస్తాకి ఏది సరిపోతుందో ఒక్క పేజీ చెప్పలేదు. ఇన్నేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పిన నాకు ఆ రోజు నిజంగా భయం వేసింది. ఫొటోలోంచి ఆవిడ లేచి రాదని తెలుసు. రానందుకే భయం. ముద్దయిన అన్నాన్ని రెండు వందల మంది మర్యాదగా తిని, ఏమీ అనకుండా చేతులు కడుక్కుని వెళ్ళిపోతారు. ఆవిడ పేరు మీద పెట్టే చివరి భోజనం అలా అవడం నేను భరించలేను.

చేసేదేముంది, ఆవిడ చేసినట్టే చేశాను. రెండు పాళ్ళుగా కలిపి రెండు చిన్న గిన్నెల్లో వండాను. ఒక ధైర్యం ఉంది నాకు. పెద్దమామయ్య ఉన్నారు, ఆయన నాలుక ఉంది. పీట వేసి పిలిచాను. ఆయన చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నారు. రెండు గిన్నెలూ ముందు పెట్టాను. ఒక్కో ముద్ద తిన్నారు. కళ్ళు మూసుకున్నారు. తెరిచారు. గిన్నెల వైపు చూశారు, నా వైపు చూశారు. ఏదీ చూపించలేదు.

"ఏది మామయ్యా?"

"నాకేం తెలుసమ్మా," అన్నారు.

 ఆయన గొంతు తగ్గించారు, ఆవిడ ఇంకా వంటింట్లోనే ఉన్నట్టు.

"నాకెప్పుడూ తెలియలా. పెళ్ళయిన కొత్తలో ఒకసారి తప్పు గిన్నె చూపించా, మొహం చిన్నబుచ్చుకుంది. ఆ తర్వాత కనిపెట్టా. తనకి నచ్చిన గిన్నెని పెట్టేటప్పుడు కాస్త ముందుకి జరిపేది. ఆ సంగతి తనకే తెలియదు. నేను దాన్నే చూపించేవాణ్ణి."

"ఇన్నేళ్ళూనా?"

"నలభై మూడేళ్ళు," అన్నారు, కొంచెం గర్వంగానే.

నాకు నవ్వొచ్చింది. పదో రోజు ఇంట్లో నవ్వకూడదని కొంగు నోట్లో కుక్కుకున్నాను. భుజాలు ఊగుతుంటే నేను ఏడుస్తున్నాననుకుని వదిన పరుగున వచ్చి వీపు నిమిరింది. సంగతి చెబితే ఆవిడ అక్కడే కూలబడి నవ్వి, నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది. అమ్మ ఈ నాన్న నాలుక గురించి ఊరంతా చెప్పుకుందే అని ఒకటే గోల. పెద్దమామయ్య మాత్రం మా ఇద్దరినీ పట్టించుకోకుండా పీట మీద అలాగే కూర్చుని ఉన్నారు.

నవ్వు ఆగాక చూస్తే గిన్నెలు రెండూ అలాగే ఉన్నాయి. ఇంక అడగడానికి ఎవరూ లేరు. మొదటి గిన్నెలోంచి రెండు మెతుకులు తీశాను. ఒకటి వేళ్ళ మధ్య కరిగిపోయింది, రెండోదానిలో సన్నగా పలుకు తగిలింది. రెండో గిన్నెలోంచి రెండు తీశాను. కొత్తది మెత్తగా నలిగింది. పాతది కాస్త ఆగి, అదీ నలిగింది. వదిన చేత కూడా నొక్కించాను. ఆవిడ తల ఊపింది. చెయ్యి కొంగుకి తుడుచుకుని ఆ గిన్నెని కొంచెం ముందుకి జరిపాను.

"ఇది," అన్నారు పెద్దమామయ్య.

"నేనూ అదే అనుకున్నాను," అన్నాను.

సాయంత్రం దాకా వదినా నేనూ దుప్పట్ల మీద మోకాళ్ళ మీద కూర్చుని మోచేతుల వరకూ బియ్యం కలిపాం. మధ్యమధ్యలో వదిన ఆగి, కలిపామా, పోశామా అని అడిగేది. లావు బియ్యం కూడా నాలుగు గుప్పిళ్ళు వేశాం. ఎందుకని వదిన అడిగితే ఊరికే, అలవాటు అన్నాను.

మర్నాడు వంటాయన మొదటి గుండిగ మూత తీసేముందు దండ వేసిన ఫొటో వైపు ఒకసారి చూశాడు. తీశాక మళ్ళీ చూశాడు. ఆవిడ కదల్లేదు. అన్నం మెతుకుకి మెతుకు అంటకుండా ఉంది, కలుపుకుంటే పప్పులో కలిసింది. ముసలివాళ్ళు కూడా మారు అడిగి వేయించుకున్నారు. వెళ్ళేముందు వంటాయన నన్ను పక్కకి పిలిచి, పాతవి ఎన్ని, కొత్తవి ఎన్ని వేశారమ్మా, కాస్త చెబుదురూ అని అడిగాడు. నా దగ్గర పుస్తకంలో రాసి ఉంది. అయినా బస్తా బస్తాకీ మారుద్దండి అనేశాను.

ఈ నెల మొదటి ఆదివారం వరండా తుడిచి దుప్పటి పరిచాను. పది కాగానే పెద్దమామయ్య నేను పిలవకుండానే చేతులు కడుక్కుని వచ్చి పీట మీద కూర్చున్నారు. ఆయన నిజంగా ఏ కొంచెమైనా కనిపెట్టగలరేమో చూద్దామని నాకు ఒక కొంటె బుద్ధి పుట్టింది. రెండు గిన్నెలూ గీత గీసినట్టు సమానంగా పెట్టాను. ఆయన రెండు ముద్దలూ తిన్నారు. కళ్ళు మూసుకుని తెరిచారు. ఆ తర్వాత గిన్నెల వైపు చూడకుండా, తొందరేమీ లేనట్టు, నా చెయ్యి వైపే చూస్తూ కూర్చున్నారు.